వేప పేటెంటు: మ్యూనిక్‌లో నెగ్గింది ఎంత?

వేప మాట వస్తే చాలు, మనలో ఎవరో ఒకరు ‘అమెరికావాళ్లు దానిమీద పేటెంటు కొట్టేస్తే పోరాడి రద్దు చేయించాం’ అంటారు. అది సగం నిజం. రద్దయింది యూరప్‌లో ఇచ్చిన ఒక పేటెంటు. అమెరికాలో ఇచ్చింది రద్దు కాలేదు. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలియాలంటే ముందు కషాయం సంగతి తెలియాలి.

అమ్మవారు పోసినప్పుడు పక్క మీద పరిచే మండలు, బోనం కుండకు కట్టే రెమ్మలు, ఉగాది పచ్చట్లో పువ్వు, ధాన్యంలో కలిపే ఎండాకు, పొలానికి వేసే వేపపిండి... వీటికి శాస్త్రవేత్తల ధ్రువీకరణ ఎవరూ అడగలేదు. శాస్త్రం ఆలస్యంగానే వచ్చింది. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనెలోని చేదు పదార్థాలను విడదీశారు. 1959లో సూడాన్‌లో మిడతల దండు పచ్చదనమంతా మేసి వేపచెట్లను మాత్రం వదిలేయడం జర్మన్ కీటక శాస్త్రవేత్త హైన్రిక్ ష్ముటరర్ కళ్లారా చూశారు. 1968లో బ్రిటన్‌లో వేపగింజల్లోని అజాడిరక్టిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. ఇది పురుగును అక్కడికక్కడే చంపదు. తిండి మానేలా చేస్తుంది, కుబుసం విడిచే క్రమాన్ని చెడగొడుతుంది.

మన రైతు వేప కషాయం చేసే పద్ధతి సులువైనదే. అయిదు కిలోల గింజల పప్పును పొడి కొట్టి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి పిండుతాడు. ఆ రసాన్ని వంద లీటర్లు చేసి, కాస్త సబ్బు పొడి కలిపి, ఎండ తగ్గాక సాయంత్రం పూట పిచికారీ చేస్తాడు. చిక్కల్లా ఒకటే: అది నిల్వ ఉండదు. అజాడిరక్టిన్ ఎండకు విరిగిపోతుంది, నీళ్లలోనూ ఎక్కువ రోజులు నిలవదు. ఏ రోజుది ఆ రోజే చల్లుకోవాలి. ఇంట్లో చేసుకునేవాడికి ఇది లోపమే కాదు, సీసాలో పోసి అమ్మాలనుకునేవాడికి మాత్రం పెద్ద అడ్డంకి.

ఆ అడ్డంకి దగ్గరే అమెరికన్ కలప వ్యాపారి రాబర్ట్ లార్సన్ కథలోకి వస్తాడు. 1970ల తొలినాళ్లలో ఇక్కడి నుంచి గింజలు తెప్పించుకుని, ఏళ్ల తరబడి పరీక్షలు చేయించి, 1985లో ‘మార్గోసాన్-ఓ’ అనే పురుగుమందుకు అక్కడి ప్రభుత్వ అనుమతి సంపాదించాడు. తర్వాత హక్కులను డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీకి అమ్మేశాడు. నిల్వ ఉండే అజాడిరక్టిన్ మిశ్రమం మీద గ్రేస్‌కు 1992లో అమెరికాలో పేటెంటు వచ్చింది. కర్ణాటకలోని తుమకూరులో స్థానిక సంస్థతో కలిసి గింజల శుద్ధి కూడా మొదలుపెట్టింది. దాంతో టన్ను మూడు వందల రూపాయలున్న గింజల ధర మూడు నాలుగు వేలకు ఎగబాకిందని ఉద్యమకారులు ఆరోపించారు. అప్పటికే గాట్ అనే అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం మీద కర్ణాటక రైతు సంఘాలు రోడ్డెక్కి ఉన్నాయి.

తగాదాకెక్కింది మాత్రం ఇంకో పేటెంటు. వేపనూనెతో మొక్కల శిలీంధ్రాలను అదుపు చేసే పద్ధతి మీద గ్రేస్‌కు, అమెరికా వ్యవసాయ శాఖకు ఉమ్మడిగా 1994లో యూరోపియన్ పేటెంట్ ఆఫీసు హక్కు ఇచ్చింది. మరుసటి ఏడాది మన పర్యావరణ ఉద్యమకారిణి వందనా శివ, బెల్జియం హరిత పార్టీ నాయకురాలు మాగ్దా ఆల్వూట్, సేంద్రియ వ్యవసాయ సంఘాల సమాఖ్య తరఫున లిండా బులార్డ్ అభ్యంతరం దాఖలు చేశారు. 2000 మే నెలలో జర్మనీలోని మ్యూనిక్‌లో, ఆ పేటెంట్ ఆఫీసులోనే విచారణ జరిగింది. బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన యు.పి. సింగ్ వేప గురించి వివరించారు. వేప మందులు తయారు చేసే అభయ్ ఫడ్కే 1980ల నడుమ మహారాష్ట్ర పొలాల్లో తాము ఇదే పని చేశామని సాక్ష్యం చెప్పారు. అప్పటికే వాడుకలో ఉన్న పని కొత్త ఆవిష్కరణ కాదు కాబట్టి పేటెంటు రద్దయింది. 2005 మార్చి 8న అప్పీలూ కొట్టేశారు.

తాతముత్తాతల జ్ఞానం గెలిచిందని సంబరపడ్డాం, తప్పులేదు. అయితే నా లెక్కన కేసును నిలబెట్టింది తేదీతో, చోటుతో సహా చూపగలిగిన పని. అమెరికా చట్టంలో అప్పట్లో ఆ వెసులుబాటు కూడా ఉండేది కాదు. పరదేశంలో వాడుకలో ఉన్న విషయం అచ్చులో లేకపోతే దాన్ని పాత జ్ఞానంగా లెక్కించేవారు కాదు. 2013 దాకా అదే పద్ధతి. మన ప్రభుత్వం 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలుపెట్టి పాత వైద్య గ్రంథాల్లోని మందుల తయారీ పద్ధతులను విదేశీ భాషల్లోకి మార్చింది ఇలాంటి తగాదాల వల్లే.

ఈ సంబరంలో కొందరు ‘మన వేప కాబట్టి ఏమీ కాదు’ అనేంత దూరం వెళ్లారు. 1981లో మలేసియా వైద్యులు, వేపనూనె తాగించిన 13 మంది పసిపిల్లల గురించి రాశారు. వాంతులు, మగత, ఆయాసం, ఫిట్స్. కాలేయం, మెదడు దెబ్బతిన్నాయి. చంటిబిడ్డకు రెండు చుక్కలైనా నోట్లో పోయకూడదు. గర్భం నిలవకుండా చేసే గుణం మీద పరిశోధనలు జరిగిన నూనె కాబట్టి గర్భిణులూ లోపలికి తీసుకోకూడదు. ఉగాది పచ్చట్లో పువ్వు వేరు, గానుగ నూనె వేరు.

2021లో తెలంగాణలో వేపచెట్లు కొమ్మ చివర్ల నుంచి మాడిపోతుంటే జనం హడలిపోయారు. టీ దోమ అనే పురుగు రసం పీల్చిన చోట ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం చేరిందని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తేల్చింది. శిలీంధ్రాలను అణచే పద్ధతిగా యూరప్‌లో పేటెంటు పుట్టించిన చెట్టుకు శాస్త్రవేత్తలు మొదట్లో పోయమన్నది కార్బెండజిమ్ అనే రసాయనం. మందు పడని చెట్లు కూడా చాలావరకు తర్వాత వాటంతట అవే చిగురించాయి.