గర్భం వచ్చిందని మాత్రలు ఆపేయకండి: ఆటో ఇమ్యూన్ జబ్బుల మీద అపోహలు - వాస్తవాలు

నా ముందు కూర్చున్నామె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి మాత్రల స్ట్రిప్ తీసి టేబుల్ మీద పెట్టింది. పదింట్లో రెండే ఖాళీ, మిగతా ఎనిమిదీ రేకు చిరగకుండా అలాగే ఉన్నాయి. "టెస్ట్ పాజిటివ్ వచ్చిన రోజే ఆపేశాను డాక్టర్ గారూ, కడుపులో బిడ్డకి ఏమవుతుందోనని" అంది. అప్పటికి ఐదో నెల. ఉంగరం వేలికి బిగుసుకుపోయింది, చెప్పుల పట్టీలు పాదాల మీద అచ్చులు పడ్డాయి, యూరిన్‌లో నురగ వస్తోందని తనే చెప్పింది. ఆమెకున్న లూపస్ జబ్బు కిడ్నీల దాకా వచ్చేసింది. ఆమె ఆపేసిన మాత్ర హైడ్రాక్సీక్లోరోక్విన్. గర్భం వచ్చాక అస్సలు మానకూడదని మేము పట్టుబట్టి చెప్పే మందు అదే. బిడ్డ మీద ప్రేమతోనే మానేసింది, ఆమెని తప్పుపట్టలేను. గర్భం ఆలోచన రాకముందే ఆ మాట నేను చెప్పి ఉండాల్సింది. అప్పటినుంచి, పిల్లల్ని కనే వయసులో ఉన్న ప్రతి పేషెంటుకీ మొదటి విజిట్‌లోనే ఈ విషయాలు చెబుతున్నాను.

నేను రుమటాలజిస్టుని. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బులు, అంటే లూపస్, రుమటాయిడ్ కీళ్లవాతం, కళ్లూ నోరూ ఎండిపోయే షోగ్రెన్స్ లాంటివి చూస్తాను. వీటితో గర్భం దాల్చినవాళ్లు నన్ను అడిగేవీ, ఎవరో చెప్పగా విని భయపడి వచ్చేవీ కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఈ జబ్బు ఉంటే పిల్లల్ని కనకూడదు.

ఒకప్పుడు డాక్టర్లే ఇలా చెప్పేవారు కాబట్టి ఈ భయం ఊరికే పుట్టింది కాదు. కానీ ఇప్పుడు పరిస్థితి మారింది. లూపస్ ఉన్న 385 మంది గర్భిణులను గమనించి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 81 శాతం మందికి గర్భం పెద్ద చిక్కుల్లేకుండా సాగింది. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోవాలి, జబ్బు సద్దుమణిగి ఉన్నవాళ్లనూ, ఉన్నా అదుపులో ఉన్నవాళ్లనూ మాత్రమే అందులో తీసుకున్నారు. అసలు కిటుకు అక్కడే ఉంది. గర్భం రావడానికి ముందు కనీసం ఆరు నెలలు జబ్బు నెమ్మదించి ఉంటే తల్లికీ బిడ్డకీ మేలు. కిడ్నీలో జబ్బు రగులుతున్నప్పుడు గర్భం వస్తే ఇద్దరికీ గండమే, కాబట్టి "ఇప్పుడు వద్దు, కొన్నాళ్లు ఆగండి" అంటాం. దాన్ని "ఎప్పటికీ వద్దు" అని అర్థం చేసుకుని ఏడుస్తూ ఇంటికెళ్లినవాళ్లని చూశాను. ఊపిరితిత్తుల్లో రక్తపు ఒత్తిడి బాగా పెరిగిపోయిన కొద్దిమందికి మాత్రం గర్భం ప్రాణం మీదకి తెస్తుంది, వాళ్లకి ఆ మాట దాచకుండా చెప్పాల్సిందే.

అపోహ: మందులన్నీ బిడ్డకి హాని చేస్తాయి, కడుపుతో ఉన్నంతకాలం ఓర్చుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. మందు మానేస్తే బిడ్డ క్షేమంగా ఉంటుందనుకుంటారు, కానీ మందు లేక జబ్బు తిరగబెడితే బీపీ పెరిగి, మాయకి రక్తం సరిగా అందక, బిడ్డ ఎదగకపోవడం, నెలలు నిండకుండానే కాన్పు చేయాల్సి రావడం జరుగుతాయి.

హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్, అజాథయోప్రిన్, టాక్రోలిమస్ గర్భంలో కొనసాగించే మందులే. సల్ఫాసలజీన్ వేసుకునేవాళ్లు ఫోలిక్ యాసిడ్ తప్పనిసరిగా వేసుకోవాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ కళ్లకి మంచిది కాదట కదా, బిడ్డ కళ్లు ఏమవుతాయి అని అడుగుతుంటారు. ఏళ్ల తరబడి వాడిన మనిషి రెటీనాకి వచ్చే సమస్య అది, అందుకే మీకు కంటి పరీక్షలు చేయిస్తాం. కడుపులో బిడ్డ కళ్లకి దానివల్ల నష్టం కనపడలేదు.

స్టెరాయిడ్ అనగానే ముఖం మారిపోతుంది. ప్రెడ్నిసలోన్‌ని మాయలోని ఒక ఎంజైమ్ చాలామటుకు పనిచేయని రూపంలోకి మార్చేస్తుంది, బిడ్డకి చేరేది దాదాపు పదో వంతే. అలాగని ఎంతైనా వేసుకోవచ్చని కాదు, ఎక్కువ మోతాదు తల్లికి బీపీ, షుగర్ తెస్తుంది, అందుకే వీలైనంత తక్కువలో ఉంచుతాం. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్‌ని మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. అన్నాళ్లూ ఒంట్లోని అడ్రినల్ గ్రంథి సొంతంగా హార్మోన్ తయారు చేయడం తగ్గించేసి ఉంటుంది, ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోయి ప్రమాదం అవుతుంది.

నిజంగా ప్రమాదమైన మందులూ ఉన్నాయి, అవి విడిగా తెలియాలి. మెథోట్రెక్సేట్, మైకోఫెనోలేట్, సైక్లోఫాస్ఫమైడ్ పిండానికి హాని చేస్తాయి. గర్భం కోసం ప్రయత్నించకముందే మెథోట్రెక్సేట్‌ని ఒకటి నుంచి మూడు నెలల ముందు, మైకోఫెనోలేట్‌ని కనీసం ఆరు వారాల ముందు ఆపి వేరే మందుకి మారుస్తాం. లెఫ్లునమైడ్ అయితే ఆపినా చాలాకాలం ఒంట్లో ఉండిపోతుంది, దాన్ని బయటికి పంపడానికి కొలెస్టిరమిన్ అనే మందు ఇస్తాం. యూరిన్‌లో ప్రోటీన్ పోకుండా ఇచ్చే ఎనలాప్రిల్, లోసార్టాన్ లాంటి బీపీ మాత్రలు కూడా గర్భంలో పనికిరావు. వీటిలో ఏదైనా వాడుతుండగా గర్భం వచ్చిందని తెలిస్తే ఆ మాత్ర ఆపి అదే రోజు మీ డాక్టర్‌కి ఫోన్ చేయండి. భయంతో ఎవరికీ చెప్పకుండా అబార్షన్ నిర్ణయం తీసుకోకండి, ఎన్నో వారంలో ఎంత మోతాదు పడిందో చూసి, స్కానింగ్ చేసి మాట్లాడుకోవాల్సిన విషయం అది.

నొప్పి బిళ్లల గురించి ఒక్క మాట. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ 20 వారాలు దాటాక వద్దు, ఉమ్మనీరు తగ్గిపోతుంది. పారాసిటమాల్‌తో సర్దుకోవచ్చు.

అపోహ: ఆస్పిరిన్, హెపారిన్ రక్తాన్ని పలుచన చేస్తాయి, కాబట్టి అబార్షన్ అవుతుంది.

సరిగ్గా దీనికి ఉల్టా. లూపస్ ఉన్నవాళ్లకి ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంలో బీపీ పెరిగి యూరిన్‌లో ప్రోటీన్ పోయే ముప్పు ఎక్కువ, దాన్ని తగ్గించడానికే 12 నుంచి 16 వారాల మధ్య చిన్న మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతాం. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో రక్తం గడ్డలు కట్టే గుణం వల్ల, మాయ దెబ్బతినడం వల్ల గర్భాలు పోతుంటాయి. వాళ్లకి ఆస్పిరిన్‌తో పాటు హెపారిన్ ఇంజెక్షన్ ఇస్తాం. హెపారిన్ మాయ దాటి బిడ్డ దగ్గరికి వెళ్లదు, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మాత్ర వెళ్తుంది, అందుకే దాన్ని మొదటి వారాల్లోనే హెపారిన్‌కి మార్చేస్తాం. రోజూ పొట్ట మీద సూది పొడుచుకోవడం మాటలు కాదని నాకు తెలుసు. మూడు గర్భాలు పోగొట్టుకుని నాలుగోసారి నెలలు నిండేదాకా ఆ సూదులు వేసుకున్న ఒకామె, ఏ రోజు ఏ వైపు పొడుచుకుందో క్యాలెండర్ మీద "కు", "ఎ" అని రాసుకునేది. పొట్టంతా నీలం మచ్చలు. ఆ బిడ్డని ఎత్తుకుని వచ్చిన రోజు క్యాలెండర్ కూడా తెచ్చి చూపించింది.

అపోహ: గర్భం వస్తే కీళ్లవాతం దానంతట అదే పోతుంది.

ఇందులో కొంత నిజం ఉంది. అమెరికన్ డాక్టర్ ఫిలిప్ హెంచ్ గర్భిణుల్లో కీళ్లనొప్పులు తగ్గడం గమనించి 1938లో రాశారు. ఒంట్లోనే ఏదో పదార్థం ఈ పని చేస్తోందన్న పట్టుదలతో వెతుకుతూ వెళ్లిన ఆ దారే చివరికి కార్టిసోన్ చికిత్సకి, 1950 నోబెల్ బహుమతికి దారితీసింది. ఇవాళ మనం భయపడే స్టెరాయిడ్ కథలో గర్భిణులకీ భాగం ఉందని పేషెంట్లకి చెప్పడం నాకు ఇష్టం. కాకపోతే తగ్గేది అందరికీ కాదు, సుమారు సగం మందికి, కాస్త అంతకన్నా ఎక్కువ. మిగతావాళ్లు "అందరికీ తగ్గుతుందట, నాకెందుకు తగ్గట్లేదు" అని కుమిలిపోతూ నొప్పి దాచుకుంటారు. దాచకండి, మందు ఉంది. లూపస్‌కయితే ఈ సడలింపు కూడా లేదు, గర్భంలో ఎప్పుడైనా తిరగబెట్టొచ్చు.

అపోహ: వాపు, అలసట, ముఖం మీద మచ్చలు... కడుపుతో ఉంటే ఇవన్నీ మామూలే.

చాలాసార్లు మామూలే. చిక్కంతా మిగతాసార్లతోనే. గర్భంలో ముఖం మీద వచ్చే మంగు గోధుమరంగులో ఉంటుంది, మంట ఉండదు. లూపస్ దద్దురు ఎర్రగా బుగ్గల మీదా ముక్కు మీదా పరుచుకుని, ముక్కు పక్కనుంచి పెదవుల మూలకి దిగే గీతలని వదిలేస్తుంది. ఒంట్లో జబ్బు రగులుతోందా అని చూసే ఈఎస్ఆర్ రక్తపరీక్ష గర్భంలో అందరికీ పెరుగుతుంది, ఆ ఒక్క రిపోర్టు చూసి టెన్షన్ పడొద్దు. లూపస్ రగిలితే పడిపోయే సీ3, సీ4 అనే రక్తంలోని ప్రోటీన్ల పరీక్షలతో ఇంకో తిరకాసు. అవి గర్భంలో మామూలుగా పెరగాలి, కాబట్టి రిపోర్టులో "నార్మల్" అని ఉన్నా మాకు అది తక్కువ కావచ్చు. పాత రిపోర్టులన్నీ ఫైల్లో పెట్టుకుని తెమ్మనేది ఇందుకే, పక్కపక్కన పెట్టి చూస్తేగానీ తెలియదు.

20 వారాలు దాటాక బీపీ పెరిగి, కాళ్లు వాచి, యూరిన్‌లో ప్రోటీన్ పోతుంటే అది ప్రీఎక్లాంప్సియానా, లూపస్ కిడ్నీనా అన్నది మాకు కూడా కష్టమైన ప్రశ్న. రెండూ ఒకేలా కనిపిస్తాయి, చికిత్సలు మాత్రం రెండు దారులు. మొదటిదానికి అసలు విరుగుడు కాన్పు చేయడమే, రెండోదానికి మందులు పెంచి గర్భాన్ని ముందుకి నడిపించొచ్చు. మొదట చెప్పిన ఆమె విషయంలో యూరిన్‌లో ఎర్ర రక్తకణాలు ఉన్నాయి, సీ3, సీ4 పడిపోయాయి, లూపస్ రగిలినప్పుడు పెరిగే డీఎస్ డీఎన్ఏ యాంటీబాడీ బాగా పెరిగింది. లూపసే. ఆపేసిన మాత్ర మళ్లీ మొదలుపెట్టి, స్టెరాయిడ్, అజాథయోప్రిన్ కలిపాం. ఇంట్లో రోజూ రెండు పూటలా బీపీ చూసుకుని రాసుకునేది. 35వ వారంలో బీపీ ఇక ఆగకపోవడంతో కాన్పు చేశారు, చిన్న బిడ్డే, కానీ గట్టిగా ఏడ్చింది.

భరించలేని తలనొప్పి, కళ్లముందు మెరుపులు, డొక్కల కింద కుడివైపు నొప్పి, ఆయాసం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది వచ్చినా రేపటిదాకా ఆగొద్దు.

అపోహ: యాంటీ రో పాజిటివ్ అంటే బిడ్డ గుండె ఆగిపోతుంది.

లూపస్, షోగ్రెన్స్ ఉన్న కొందరి రక్తంలో కనిపించే ఈ యాంటీబాడీ మాయ దాటి బిడ్డ గుండెలోని విద్యుత్ దారిని దెబ్బతీయగలదు, నిజమే. కానీ అది జరిగేది వందలో ఒకరిద్దరికే. ముందు బిడ్డకి అలా జరిగి ఉంటే తర్వాతి గర్భంలో దాదాపు ఆరుగురిలో ఒకరికి మళ్లీ వస్తుంది. అలాంటివాళ్లలో హైడ్రాక్సీక్లోరోక్విన్ ఈ ముప్పుని సగానికి పైగా తగ్గిస్తుందని 2020లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది, మళ్లీ ఆ మాత్రే చూడండి. 16 నుంచి 26 వారాల మధ్య బిడ్డ గుండె స్కాన్లు చేయించుకోవాలి. పుట్టాక కొందరు పిల్లలకి ఒంటి మీద దద్దురు వస్తుంది, తల్లినుంచి వచ్చిన యాంటీబాడీలు ఒంట్లోంచి పోయేసరికి, ఆరెనిమిది నెలల్లో అదీ పోతుంది.

అపోహ: బిడ్డకి ఈ జబ్బు తప్పదు, సిజేరియన్ తప్పదు.

రెండూ తప్పే. తల్లికి ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే కొంత ఎక్కువ, అయినా చాలామంది పిల్లలకి రాదు. సిజేరియన్ కావాలా అన్నది ప్రసూతి కారణాలని బట్టే ఉంటుంది.

అపోహ: కాన్పు అయిపోయింది, ఇక గండం గడిచినట్టే. పాలు ఇవ్వాలి కాబట్టి మందులు మళ్లీ బంద్.

నాకు ఎక్కువ బెంగ ఉండేది కాన్పు తర్వాతి ఈ మూడు నెలల గురించే. కీళ్లవాతం చాలామందికి సరిగ్గా ఇప్పుడే తిరగబెడుతుంది. పొద్దున్నే వేళ్లు ముడుచుకోక, బిడ్డ చొక్కా బొత్తాం పెట్టలేక "నేను మంచి తల్లిని కానేమో" అనుకునేవాళ్లు ఎందరో. అది జబ్బు, మీ చేతకానితనం కాదు. నిద్రలేమి వల్లేనని ఇంట్లోవాళ్లు కొట్టిపారేసినా వచ్చి చూపించుకోండి. హైడ్రాక్సీక్లోరోక్విన్, ప్రెడ్నిసలోన్, అజాథయోప్రిన్ వేసుకుంటూ పాలివ్వొచ్చు. ప్రెడ్నిసలోన్ రోజుకి 20 మిల్లీగ్రాములు దాటితే వేసుకున్నాక నాలుగు గంటలు ఆగి ఇవ్వండి. మెథోట్రెక్సేట్ వేసుకుంటూ మాత్రం పాలు ఇవ్వకూడదు. హెపారిన్ కాన్పుతో ఆగిపోదు, గడ్డల ముప్పు ఉన్నవాళ్లకి ఇంకో ఆరు వారాలు సాగుతుంది. గర్భం చివరి నెలల్లో కీళ్లవాతానికి ఇచ్చే అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్లు తీసుకుని ఉంటే పిల్లల డాక్టర్‌కి ముందే చెప్పండి, బీసీజీ, రోటావైరస్ లాంటి బతికున్న క్రిములతో చేసే టీకాలు ఆలస్యం చేయాల్సి రావచ్చు.

ఏడో నెలలో నా దగ్గరికి వచ్చినవాళ్లకి కాన్పు తర్వాత చెకప్ తేదీ అప్పుడే రాసి ఇచ్చేస్తాను, ఆరో వారంలో ఒకటి, మూడో నెలలో ఒకటి. మీ డాక్టర్ ఇవ్వకపోతే మీరే అడిగి రాయించుకోండి, బిడ్డ టీకాల కార్డు మీదే రాసిపెట్టుకుంటే మర్చిపోరు.