శత్రువు చేతికి చిక్కిన నగరం

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు పంపిన నగర పటం అందింది. బురుజులు, నల్ల జెండాలు, కోటలో మంత్రగాళ్ల రాజు, అన్నీ ముచ్చటగా గీశారు. ఈ నగరంలో మీ స్నేహితులతో పాచికల కథ, అంటే పాచికలు వేస్తూ ఒక్కొక్కరు ఒక్కో వీరుడిగా కథ నడిపే ఆట, ఆడించబోతున్నారు కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది. కోట సంగతి తర్వాత చూద్దాం. కథను రొట్టెల అంగడి ముందు వరుసలో మొదలుపెట్టండి. నగరం ఓడిపోయిన మర్నాడు కూడా జనానికి ఆకలి వేస్తుంది కదా.

1940 మే నెలలో జర్మన్ సైన్యం నెదర్లాండ్స్‌ను ఆక్రమించింది. వెంటనే ఆమ్‌స్టర్‌డామ్ గడియారాలను గంటా నలభై నిమిషాలు ముందుకు తిప్పించారు, బెర్లిన్ వేళతో కలవాలని. ఆ డిసెంబరులో గడియారం తొమ్మిదిన్నర చూపిస్తున్నా సూర్యుడు రాలేదు. ఊళ్లో పొద్దు కూడా పరాయివాడి లెక్కకు పోయిందన్నమాట. మీ మంత్రగాళ్లు ఇలాంటిది ఏం మార్చారు? ఆట మొదలైన అయిదు నిమిషాల్లో అది ఆటగాళ్ల ఒంటికి తగలాలి.

అదే నగరంలో జరిగిన ఇంకో సంగతి వినండి. 1941లో అక్కడ ఫొటో, వేలిముద్ర ఉన్న గుర్తింపు కార్డులు పెట్టారు. ప్రాణాలు కాపాడుకోవడానికి దొంగ కార్డు చేయించుకున్నా, జనాభా దఫ్తరంలోని అసలు కాగితంతో పోల్చి పట్టేసేవారు. అందుకని 1943 మార్చి 27 రాత్రి కొందరు పోలీసు దుస్తుల్లో ఆ దఫ్తరానికి వెళ్లారు. నాయకుడు విల్లెమ్ అరొండేయస్ చిత్రకారుడు. ఆ దుస్తులు కుట్టింది దర్జీ ష్యూర్డ్ బక్కర్. కాపలావాళ్లను చంపలేదు. మత్తు సూది ఇచ్చి పక్కనే ఉన్న జంతు ప్రదర్శనశాల తోటలో పడుకోబెట్టారు. తర్వాత దఫ్తరాన్ని పేల్చి నిప్పుపెట్టారు. అగ్నిమాపక సిబ్బంది కావాలనే నెమ్మదిగా కదిలారు. మంటలు ఆరాక కూడా నీళ్లు కొడుతూ మిగిలిన కాగితాలను పాడుచేశారు. అంతా చేసినా ఎక్కువ భాగం కాగితాలు మిగిలే ఉన్నాయి. కొన్నాళ్లకు వాళ్లు దొరికిపోయారు. జూలై 1న పన్నెండు మందిని కాల్చి చంపారు.

ఈ కథ చదివిన ప్రతిసారీ నా మనసు ఆ నీళ్ల గొట్టం పట్టుకున్న మనిషి దగ్గర ఆగిపోతుంది. అతను చేసింది కాసేపు ఆలస్యం, కాసిని ఎక్కువ నీళ్లు, అంతే. మీ ఆటలో ఇలాంటివాళ్లకు చోటివ్వండి. వీరులు మొదటి వారం ఎవరికి రొట్టె పంచారో, నాలుగో వారం వాళ్లే తలుపు తీయాలి, లేదా తీయకుండా ఉండాలి.

మీ నగరంలో కార్డుల బదులు నీడలు పెట్టండి. ప్రతి మనిషి నీడనూ మంత్రగాళ్లు ఒక గదిలో దాచారు. దొంగ నీడలు కుట్టే దర్జీ ఒకడు ఉన్నాడు. నీడల గదిలో లెక్క రాసే గుమస్తా ఒకామె ఉంది, ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఆమెను ద్రోహి అనాలా? ఆ తీర్పు మీరు ఇవ్వకండి, ఆటగాళ్లను తర్జనభర్జన పడనివ్వండి.

ఇక లెక్క. దెబ్బ తగిలితే తగ్గే వీరుల ప్రాణబలం అంకెలు మామూలుగానే ఉండనివ్వండి. దానితోపాటు బల్ల మధ్యలో ఒక ఖాళీ గిన్నె పెట్టండి. వీరులు రాత్రి బయట తిరగకూడదన్న నిషేధం దాటినా, సైనికుణ్ణి కొట్టినా, గొప్పలు చెప్పుకున్నా అందులో ఒక చింతపిక్క వేయండి. పది నిండితే సోదా జరుగుతుంది. సోదా మాత్రం వీరుల మీదికి రాకూడదు, వాళ్లకు అన్నం పెట్టిన ఇంటి మీదికి రావాలి. కత్తి దూసే ముందు ఆటగాళ్లు గిన్నెవైపు చూడటం మొదలుపెట్టారంటే, ఆట నగరంలోకి దిగిందని నేను నమ్ముతాను.

మీ పటంలో దర్జీ ఇల్లు లేదు. ఏ వీధిలోనో, వెనకవైపు తలుపు ఉందో లేదో గీసి పంపండి. గుమస్తా పిల్లల పేర్లు కూడా రాయండి.

మీ తాతయ్య