పోయిన సమాధిరాయి దొరికితే: చెరోకీ స్మారకాల గురించి అపోహలు, వాస్తవాలు

పాత శ్మశానాల్లో విరిగిన, ఒరిగిన, మట్టిలో కూరుకుపోయిన రాళ్లను బాగుచేయడం నా వృత్తి. అమెరికాలో ఆదివాసీ తెగ అయిన చెరోకీల స్మారకాల ప్రస్తావన వస్తే నన్ను ఎక్కువగా అడిగేది వాళ్ల నాయకురాలు నన్యేహి విగ్రహం గురించే. ఇంగ్లీషు రికార్డుల్లో ఆమె పేరు నాన్సీ వార్డ్. 1755లో క్రీక్ తెగతో జరిగిన తలీవా పోరులో భర్త నేలకొరిగితే, ఆయన తుపాకీ అందుకుని నిలబడిన మనిషి. ఇక భూములు అమ్మొద్దని 1817లో పెద్దల సభకు కబురు పంపిన తల్లి కూడా ఆమే. టెన్నెసీలోని గ్రేంజర్ కౌంటీ శ్మశానంలో దాదాపు 70 ఏళ్లు నిలిచిన ఆమె విగ్రహాన్ని 1980ల మొదట్లో ఎవరో ఎత్తుకుపోయారు.

అపోహ: ఆ విగ్రహం ఆమె సమాధి మీదిది.

కాదు. ఆమె సమాధి పోల్క్ కౌంటీలో, బెంటన్ ఊరి దగ్గర గుట్ట మీద ఉంది. పక్కనే కొడుకు ఫైవ్‌కిల్లర్ సమాధి. ఆమె గుర్తుగా అక్కడ 1923లో రాళ్లు పేర్చి ఫలకం పెట్టారు. పోయిన విగ్రహం జేమ్స్ అబ్రహాం వాకర్ చెక్కింది, అదీ ఆమె కన్నుమూసిన ఎన్నో దశాబ్దాలకు. కాబట్టి ఇలాంటిది దొరికినప్పుడు "ఎక్కడ నిలబెట్టాలి?" అన్నది చిక్కు ప్రశ్నే. పోయిన చోటా, ఆమె ఉన్న చోటా? చెరోకీల మాట వినకుండా ఎవరూ తేల్చకూడదని నా గట్టి అభిప్రాయం.

అపోహ: ఇన్నేళ్లయ్యాక, డబ్బిచ్చి కొన్నవాళ్లదే హక్కు.

అమెరికా చట్టంలో దొంగకు సొత్తు మీద హక్కు ఉండదు, లేని హక్కును అమ్మనూలేడు. తెలియక కొన్నా అంతే. కానీ దావా వేయడానికి గడువుంటుంది. అది ఎప్పటి నుంచి లెక్క అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల వస్తువు ఎవరి దగ్గరుందో సొంతదారుకు తెలిసిన రోజు నుంచి, లేదా గట్టిగా వెతికి ఉంటే తెలిసి ఉండాల్సిన రోజు నుంచి లెక్కిస్తారు. అందుకే వస్తువు పోయాక వారం తిరక్కముందే పోలీసు ఫిర్యాదు ఇవ్వాలి, ఫొటో పత్రికలో రావాలి. ఇక సాక్ష్యమంటారా, శ్మశానంలో కుటుంబమంతా నిలబడి దిగిన పాత ఫొటోను మించింది లేదు. మనుషుల భుజాల వెనక రాయి అంచు, దాని మీది పగులు కనిపిస్తాయి. ఆ పగులే రాయికి వేలిముద్ర.

అపోహ: ఆదివాసీ అవశేషాల చట్టం ఉంది కదా, అదే తెచ్చిపెడుతుంది.

1990లో వచ్చిన ఆ చట్టం ప్రధానంగా ఫెడరల్ సంస్థలకు, ఫెడరల్ నిధులు అందుకునే మ్యూజియంలకు వర్తిస్తుంది. ఎవరింటి పెరట్లోనో ఉన్న విగ్రహాన్ని అది కదిలించలేదు. పైగా అందులో చెప్పిన సమాధి వస్తువులంటే అంత్యక్రియల ఆచారంలో భాగంగా మృతుల కోసం ఉంచినవి. తర్వాతి తరాలు నిలిపిన స్మారకం ఆ లెక్కలోకి రావడం కష్టం.

అపోహ: దొరికింది కదా, తోమి నిలబెడితే సరి.

నాకు మనసు కలుక్కుమనేది ఇక్కడే. ఒకచోట ఎవరో మంచి మనసుతోనే పాలరాతి పలకకు బ్లీచ్ పోసి ఇనుప బ్రష్‌తో రుద్దారు. నేను వెళ్లి వేలితో తాకితే పంచదారలా పొడి రాలింది. అక్షరాల అంచులన్నీ అరిగిపోయాయి, అవిక రావు. దొరికిన రాయిని ముందు ఉన్నదున్నట్టు ఫొటోలు తీయాలి. అడుగు భాగాన్ని అసలు కడగొద్దు. అక్కడ అంటుకున్న పాత సున్నం, విరిగిన మొన అది ఏ పీఠం నుంచి ఊడిందో చెబుతాయి. శుభ్రం చేయాల్సి వస్తే మంచినీళ్లు, మెత్తటి బ్రష్, ఓపిక. అతికేటప్పుడు మెత్తటి రాయికి సిమెంటు వద్దు, సున్నం గచ్చు వాడాలి. లోపల ఇనుప కడ్డీ పెడితే తుప్పుపట్టి ఉబ్బి, రాయినే చీలుస్తుంది.

అపోహ: అరిగిన అక్షరాలు చదవాలంటే పిండో సుద్దో పూయాలి.

పిండి రాయి రంధ్రాల్లో చేరి బూజుకు తిండవుతుంది. అద్దంతో ఎండను పక్కవాటుగా పడేస్తే చాలు, గుంటల్లో నీడ నిండుతుంది. చెరోకీ రాళ్లకు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. సెక్వోయా అనే చెరోకీ 1821 నాటికి తమ భాషకు తీర్చిదిద్దిన లిపిలో గ, గి లాంటి ఒక్కో అక్షరధ్వనికి ఒక్కో గుర్తు, ఇప్పుడు వాడుకలో ఉన్నవి 85. మన గుణింతంలో గుడి అరిగిపోయినా 'క' కనిపిస్తుంది, మిగతాది ఊహించుకోవచ్చు. అక్కడ ఆ వీలు లేదు. గ, గి అనే గుర్తులకు పోలికే ఉండదు. లా, టా మాత్రం రెండూ ఇంగ్లీషు డబ్ల్యూలాగే ఉండి, చిన్న గీతతో వేరవుతాయి. ఓసారి తెల్లవారే మోకాళ్ల మీద కూర్చుని, అద్దాన్ని కొంచెం కొంచెంగా వంచుతున్నాను. అంతసేపూ 'లా' అనుకున్న గుర్తు పక్కన సన్నటి నీడ ఒకటి లేచింది. నోట్‌బుక్‌లో రాసుకున్న పేరు కొట్టేసి, మళ్లీ రాశాను.