వంగకూడని తలుపు

విమానం ఎక్కేటప్పుడు తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి దాని అంచు చూడండి. వెనకాల క్యూలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు, అయినా చూడండి. తెరిచి పక్కకు జరిపిన ఆ తలుపు దాదాపు జానెడు మందం ఉంటుంది. లోహంతో చేసిన విమానాల్లో మిగతా ఒంటిమీది రేకు చాలాచోట్ల ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఒకే గాలి ఒత్తిడిని కాయాల్సిన రెండు భాగాల మధ్య ఇంత తేడా ఎందుకు?

పైకి వెళ్లాక విమానం లోపల గాలిని నొక్కి ఉంచుతారు. బయట గాలి పలచన. లోపలికీ బయటికీ ఉండే తేడా వల్ల ప్రతి చదరపు మీటరు మీదా సుమారు 6 టన్నుల తోపుడు పడుతుంది. తలుపు వైశాల్యం 2 చదరపు మీటర్లు అనుకుంటే 12 టన్నులు, అంటే సరుకు నింపిన ఓ లారీ బరువు. విమానం ఒళ్లు గుండ్రటి గొట్టం కాబట్టి ఆ తోపుడుకు బెలూన్‌లా చుట్టూ సాగి నిలబడుతుంది. సాగదీసే బలాన్ని పలచటి రేకు కూడా హాయిగా మోస్తుంది. తలుపు దగ్గర ఆ చుట్టు తెగిపోయింది. రేకులోని లాగుడంతా తలుపు చుట్టూ ఉన్న చట్రంలోంచి దారి మళ్లి వెళ్తుంది. తలుపుకు మిగిలింది నేరుగా తగిలే ఒత్తిడి. దాన్ని వంగుతూనే ఎదుర్కోవాలి, వంగడం దగ్గరే పలచటి రేకు చేతులెత్తేస్తుంది.

అందుకే తలుపు లోపల అడ్డంగా బీమ్‌లు ఉంటాయి. బీమ్ రెండు చివర్లలో స్టాప్‌లు అనే గట్టి దిమ్మలుంటాయి, అవి చట్రం మీదున్న జోడీ దిమ్మలకు ఆనుకుంటాయి. లోపలి గాలి ఎంత తోస్తే తలుపు అంత బిగుసుకుంటుంది. ఆకాశంలో ఎవరైనా తలుపు తీసేస్తే అని టెన్షన్ పడేవాళ్లకు జవాబు ఇదే, పైన ఎంత బలవంతుడికైనా అది కదలదు. కింద సంగతి వేరు. 2023 మే 26న దక్షిణ కొరియాలోని దేగులో దిగబోతున్న ఎయిర్‌బస్ ఎ321 విమానం తలుపును ఒక ప్రయాణికుడు తెరిచేశాడు. అప్పటికి ఎత్తు 200 మీటర్ల పైచిలుకే, లోపలికీ బయటికీ ఒత్తిడి తేడా దాదాపు లేనట్టే. అదృష్టం కొద్దీ విమానం క్షేమంగా దిగింది.

తలుపు విరగకుండా ఉంటే సరిపోతుందా? సరిపోదు. తలుపు చుట్టూ రబ్బరు సీల్ ఉంటుంది. బీమ్‌లు నడుమ కాస్త ఉబ్బినా అంచులు మెలిక తిరుగుతాయి, సీల్ దగ్గర సందు పడుతుంది. విమానం పడిపోదు గానీ తలుపు పక్క సీటులో కూర్చున్నవారికి ప్రయాణమంతా ఈల వినిపిస్తుంది. కాబట్టి డిజైనర్‌ను రాత్రిళ్లు నిద్రపోనివ్వనిది ఎక్కువగా బలం కాదు, దృఢత్వం, అంటే వంగకుండా సాగకుండా నిలిచే గుణం. ఈ రెండింటినీ మనం మాటల్లో కలిపేస్తాం. నైలాన్ తాడు చాలా బలమైనది, కానీ సాగుతుంది. గాజు దృఢమైనది, కానీ పగిలిపోతుంది.

దృఢత్వం విషయంలో లోహాలు ఒక చిత్రమైన పేచీ పెడతాయి. ఉక్కు అల్యూమినియం కన్నా దాదాపు మూడు రెట్లు దృఢం. బరువూ దాదాపు మూడు రెట్లే. టైటానియం రెంటికీ మధ్యలో ఉంటుంది, బరువులోనూ అంతే. కిలో బరువుకు ఎంత దృఢత్వం అని లెక్క వేస్తే మూడూ ఒక తానులో ముక్కలే. లోహం మార్చి లాభం లేదు.

కార్బన్ ఫైబర్ ఈ లెక్కను చెడగొట్టింది. పోగులన్నీ ఒకే దిక్కుగా పేర్చి ఎపాక్సీ రెసిన్ అనే గట్టిపడే జిగురుతో అతికిస్తే, పోగు వెంట దృఢత్వం అల్యూమినియానికి దాదాపు రెండింతలు, సాంద్రత అల్యూమినియంలో 60 శాతం. కానీ అడ్డంగా లాగి చూస్తే ఆ దృఢత్వంలో పదో వంతు కూడా మిగలదు. వెదురు బద్దలాంటిదన్నమాట, నిలువునా ఇట్టే చీలుతుంది, అడ్డంగా విరవాలంటే చెమటలు పడతాయి. పోనీ అన్ని దిక్కులకూ సమానంగా పోగులు పరిస్తే? అప్పుడు దృఢత్వం అల్యూమినియం కన్నా తక్కువకు పడిపోతుంది. బరువు తక్కువ కాబట్టి కొంత లాభం మిగులుతుంది గానీ, పెట్టిన ఖర్చుకు అది ఏ మూలకూ చాలదు. పాత లోహపు డిజైన్‌ను అలాగే ఉంచి కార్బన్‌లో పోతపోసినట్టు చేస్తే ఇంజనీర్లు దాన్ని 'బ్లాక్ అల్యూమినియం' అని వెక్కిరించేది అందుకే.

అసలు పనితనం పోగుల దిక్కులో ఉంది. ఒక బీమ్‌ను తీసుకుందాం. దాని అడ్డుకోత ఇంగ్లిష్ ఐ అక్షరంలా ఉంటుంది. వంగినప్పుడు ఒక వైపు పట్టీ సాగుతుంది, అవతలి పట్టీ నలుగుతుంది. ఆ రెండు పట్టీల్లో ఎక్కువ పోగులు బీమ్ పొడవునా పరుస్తారు. మధ్య గోడ మీద పడేది కోత బలం, అంటే పక్క పక్క భాగాలను ఎదురెదురు దిక్కులకు జార్చే బలం, దానికి 45 డిగ్రీల ఏటవాలు పోగులే సరైనవి. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో ఐదో వంతు లేదా అంతకన్నా తక్కువ. ఎక్కడ బలం ఎక్కువ పడుతుందో అక్కడ నాలుగు పొరలు ఎక్కువ, లేనిచోట తక్కువ. ఇక బీమ్ ఎత్తు పెంచితే దృఢత్వం ఇంకా వేగంగా పెరుగుతుంది. ప్లాస్టిక్ స్కేలును పడుకోబెట్టి వంచండి, తర్వాత నిలబెట్టి వంచి చూడండి, తెలిసిపోతుంది. ఆ జానెడు మందం అక్కడి నుంచి వచ్చిందే.

తయారీలో ఓ తమాషా ఉంది. పొరల పేర్పును 180 డిగ్రీల సెల్సియస్ వేడి దగ్గర ఉడికించి చల్లారిస్తే, అచ్చులో సరిగ్గా 90 డిగ్రీలున్న మూల బయటికొచ్చేసరికి ఇంచుమించు 89 డిగ్రీలు అవుతుంది. పోగుల వెంట పదార్థం పెద్దగా ముడుచుకోదు, మందం వైపు రెసిన్ బాగా ముడుచుకుంటుంది, దాంతో మూల లోపలికి మూసుకుంటుంది. అందుకని అచ్చునే కావాలని తప్పుగా, 91 డిగ్రీలకు దగ్గరగా చెక్కుతారు. తప్పు అచ్చులోంచి ఒప్పు భాగం వస్తుంది.

ఇలా పోగులూ రెసిన్ కలిపి చేసిన పదార్థాన్ని కాంపోజిట్ అంటారు. పూర్తిగా కాంపోజిట్ తలుపు అనే మాట మాత్రం కాస్త అతిశయమే. బోయింగ్ 737-9లో తలుపు స్థానాన్ని మూసే డోర్ ప్లగ్‌కు 12 స్టాప్‌లుంటాయి. అంతటి తోపుడు పన్నెండు చోట్లే చట్రానికి అందాలి. అలాంటి చోట, కన్నాలు పెట్టి బోల్టులు బిగించే చోట, పొరలు విడిపోయే భయం ఉంటుంది. స్టాప్‌లు, గొళ్లేలు, కీళ్లు లోహంగానే మిగులుతాయి. అల్యూమినియం నేరుగా కార్బన్‌కు తగిలితే తేమలో తుప్పు పడుతుంది, అందుకే టైటానియం వాడతారు, లేదా మధ్యలో గాజు పోగుల పొర వేస్తారు. అన్నట్టు 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానం నుంచి అలాంటి ప్లగ్ ఊడి పడింది పదార్థం బలహీనమై కాదు. పైకి జారకుండా ఆపే నాలుగు బోల్టులు బిగించనే లేదు.

వాడకంలో పెద్ద తలనొప్పి దెబ్బలు. విమానాశ్రయంలో భోజనం బండ్లు, నిచ్చెనలు, ఎక్కే వంతెనలు అన్నీ వచ్చి ఆనేది తలుపు దగ్గరే. అల్యూమినియానికి తగిలితే సొట్ట కనిపిస్తుంది. కార్బన్ పైకి చెక్కు చెదరనట్టే ఉండి లోపల పొరలు విడిపోవచ్చు. ఆ కనిపించని దెబ్బ ఉన్నా తలుపు నిలవాలన్న లెక్కతోనే పొరలు అదనంగా వేస్తారు, ఆదా చేసిన బరువులో కొంత అలా తిరిగి వచ్చేస్తుంది. అనుమానం వస్తే అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తారు. దానికి ముందు చాలాసార్లు టెక్నీషియన్ చేతిలో ఉండేది చిన్న సుత్తి, ఒక్కోసారి ఓ నాణెం. అంగుళం అంగుళం జరుపుతూ కొట్టి వింటాడు. టక్, టక్, టక్ అని పోతూ పోతూ ఒకచోట డబ్ మంటే, అక్కడ చాక్‌పీస్‌తో గీత గీస్తాడు.