ఎంఆర్ఐలో రొమ్ము బయాప్సీ: అపోహలు - వాస్తవాలు

రొమ్ము ఎంఆర్ఐ రిపోర్టులో 'బైరాడ్స్ 4' (అంటే క్యాన్సర్ అనుమానం ఉంది, తేల్చుకోవాలి) అని రాసి, కింద 'ఎంఆర్ఐ గైడెడ్ బయాప్సీ అవసరం' (ఎంఆర్ఐ సాయంతో చిన్న ముక్క తీసి పరీక్షించాలి) అని ఉంటే కుటుంబమంతా కంగారు పడుతుంది. ఆపైన తలా ఒక మాట. మాకు తరచుగా వినిపించేవి ఇవి.

అపోహ: ఎంఆర్ఐ అన్నిటికన్నా పెద్ద పరీక్ష, ముక్క పరీక్ష కూడా అందులో చేయించుకుంటేనే మంచిది.

కాదు. ఇది వేరే దారి లేనప్పుడు చేసేది. గడ్డ అల్ట్రాసౌండ్‌లో కనిపిస్తే అల్ట్రాసౌండ్‌తోనే తీయాలి. అక్కడ సూది కదలిక కళ్ల ముందే కనిపిస్తుంది, మనిషి వెల్లకిలా హాయిగా పడుకుంటుంది, ఖర్చూ తక్కువ. సున్నపు చుక్కలు మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్‌రేలో) కనిపిస్తే మామోగ్రామ్ ఆధారంగా తీస్తారు. ఎంఆర్ఐలో తప్ప మరెక్కడా కనిపించనివాటికే ఈ పద్ధతి.

అందుకే ముందు ఎంఆర్ఐ బొమ్మలు పక్కన పెట్టుకుని మరోసారి అల్ట్రాసౌండ్ చేస్తారు. ముద్దలా ఉన్నవి చాలావరకు దొరుకుతాయి. ముద్ద కట్టకుండా పరుచుకున్నట్టు ఉన్నవి అంత సులువుగా దొరకవు. ఇక్కడ ఒక చిక్కుంది: ఎంఆర్ఐ బోర్లా పడుకోబెట్టి తీస్తారు, అల్ట్రాసౌండ్ వెల్లకిలా. రొమ్ము ఆకారమే మారిపోతుంది. గడియారం ముల్లు స్థానం (రొమ్మును గడియారంలా అనుకుంటే ఏ గంట దగ్గర ఉంది), చనుమొన నుంచి దూరం, చుట్టూ ఉన్న కొవ్వు, గ్రంథి కణజాలం అన్నీ సరిపోలాలి. అనుమానం మిగిలితే అల్ట్రాసౌండ్ బయాప్సీ చేసి క్లిప్ (ముక్క తీసిన చోట గుర్తుగా వదిలే చిన్న లోహపు ముక్క) పెట్టి, తర్వాత ఎంఆర్ఐలో ఆ క్లిప్ సరైన చోటే ఉందా అని చూడాలి.

అపోహ: సూది లోపలికి వెళ్తుంటే డాక్టరు తెరమీద చూస్తూనే ఉంటారు.

రొమ్ము బయాప్సీలో మామూలుగా అలా జరగదు. బల్ల అయస్కాంతంలోంచి బయటికి వచ్చాకే సూది పెడతారు. మళ్లీ లోపలికి పంపి, సరిగ్గా పడిందో లేదో చూస్తారు.

బోర్లా పడుకోబెట్టి, రొమ్మును కాయిల్ (ఎంఆర్ఐ సంకేతాలు అందుకునే పరికరం) గుంటలోకి వేలాడేలా పెట్టి రెండు పలకల మధ్య నొక్కి ఉంచుతారు. ఒక వైపు పలకకు చదరపు గళ్ల గ్రిడ్ ఉంటుంది. గ్రిడ్ దగ్గర చర్మానికి తగిలేలా విటమిన్ ఇ క్యాప్సూల్ పెడతారు. లోపలి నూనె టీ1 అనే రకం ఎంఆర్ఐ బొమ్మల్లో తెల్లగా మెరుస్తుంది కాబట్టి అదే గుర్తు. ముందొక స్కాన్ తీస్తారు. తర్వాత కిలోకు 0.1 మిల్లీమోల్ చొప్పున గడోలినియం అనే కాంట్రాస్ట్ మందు (బొమ్మలో తేడా వెలుగులా చూపించేది) నరంలోకి ఎక్కిస్తారు. మామూలు గాఢతలో 60 కిలోల మనిషికి అది 12 మిల్లీలీటర్లు. రెండు నిమిషాల్లోపే అనుమానపు భాగం, అంటే మచ్చ, వెలుగుతుంది. క్యాప్సూల్ నుంచి అది ఎన్ని గళ్ల అవతల ఉంది, చర్మం నుంచి ఎంత లోతు అన్నది లెక్కగడతారు. ఆ గడిలో, సూదికి దారి చూపే రంధ్రాలున్న చిన్న దిమ్మను బిగిస్తారు.

చర్మానికీ లోతుకీ మత్తు ఇచ్చి, చిన్న కోత పెట్టి, లెక్కించిన లోతు దగ్గర స్టాపర్ బిగించిన తొడుగును లోపలికి దించుతారు. లోపలి కడ్డీ తీసి, దాని చోట ప్లాస్టిక్ కడ్డీ (ఆబ్చురేటర్) పెట్టి మళ్లీ స్కాన్. అది బొమ్మలో నల్లని గీతలా కనిపిస్తుంది. దాని కొస మచ్చలో లేదా మచ్చను ఆనుకుని ఉంటేనే వాక్యూమ్ సూది (కణజాలాన్ని లోపలికి పీల్చి కోసేది). సాధారణంగా 9 గేజ్‌ది (గేజ్ అంటే సూది లావుకు కొలత) వాడతారు, చుట్టూ తిప్పుతూ 6 నుంచి 12 ముక్కలు తీస్తారు. మచ్చ ఒక పక్కకే ఉంటే ఆ పక్కకే తిప్పి తీయడం తెలివైన పని. చివరగా మరో స్కాన్, ఆపై క్లిప్.

ఇంతా చూస్తే సూది పని కొద్ది నిమిషాలే, మిగతా సమయమంతా సరిచూడటానికే. ఆ కాసేపట్లో పేషెంట్ భుజం కదిపినా లెక్క తప్పుతుంది. మెడ కింద, భుజాల కింద దిండ్లు సర్దడానికి మొదట్లో కొంచెం ఎక్కువసేపు పట్టినా తొందర పెట్టకూడదు.

అపోహ: ఆ రోజు మచ్చ కనిపించలేదంటే తగ్గిపోయినట్టే.

తగ్గి ఉండవచ్చు. కానీ వెంటనే అలా అనుకోవడం ప్రమాదం. పలకలు మరీ గట్టిగా నొక్కితే రక్తం సరిగ్గా చేరదు, కాంట్రాస్ట్ అందక మచ్చ మాయమవుతుంది. అప్పుడు బిగింపు వదులు చేసి, కాసేపు ఆగి మళ్లీ తీయాలి. నెలసరి చక్రంలో కొన్ని రోజుల్లో మామూలు కణజాలమే అంతటా వెలుగుతుంది, ఆ వెలుగులో అసలైనది కలిసిపోతుంది. నెలసరి వచ్చేవారికి వీలుంటే 7 నుంచి 14వ రోజు మధ్య పెట్టమనేది ఇందుకే. క్యాన్సర్ అనుమానం బలంగా ఉంటే మాత్రం తేదీ కోసం వారాలు ఆపరు. హార్మోన్ల ప్రభావంతో వెలిగినవి నిజంగానే పోతుంటాయి.

ఇవన్నీ చూసినా కనిపించకపోతే సూది పెట్టకుండా ఆపడమే సరైన నిర్ణయం. అంచనాతో పొడవడం కన్నా అదే నయం. అయితే ఆపేసిన కేసుల్లోనూ కొద్దిమందికి తర్వాత క్యాన్సర్ బయటపడుతుంది కాబట్టి కొన్ని నెలల్లో, సాధారణంగా ఆరు నెలల్లో, మళ్లీ ఎంఆర్ఐ తప్పదు.

అపోహ: సూది పెడితే గడ్డ కదిలి క్యాన్సర్ పాకుతుంది.

సూది దారిలో కొన్ని కణాలు కదిలినట్టు మైక్రోస్కోపు కింద కనిపించడం నిజమే. వాటిలో ఎక్కువ భాగం నిలవవు. బయాప్సీ చేయించుకోవడం వల్ల జబ్బు ముదిరిందని ఆధారాల్లేవు. ఈ భయంతో నెలలు గడపడం వల్లే జబ్బు ముదురుతుంది.

అపోహ: 9 గేజ్ అంటే చిన్న ఆపరేషనే, కుట్లు పడతాయి.

కోత అర సెంటీమీటరు మించదు, అంటుకునే పట్టీలు చాలు. తీశాక 10-15 నిమిషాలు గట్టిగా నొక్కి ఉంచాలి. ఈ నొక్కడం సరిగ్గా చేయకపోతే లోపల రక్తం గడ్డకట్టి పెద్ద కమురు తేలవచ్చు. రెండు మూడు రోజులు బరువులు ఎత్తకూడదు. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, ఆ మాత్రలు రాసిన డాక్టరును అడగకుండా సొంతంగా ఆపకూడదు.

రొమ్ము చిన్నగా ఉండి, నొక్కాక మందం మరీ తక్కువైతే సూది కొస అవతలి చర్మాన్ని కోసే ప్రమాదం ఉంది. సూది నోరు (ముక్కను లోపలికి తీసుకునే సందు) మామూలుగా 20 మిల్లీమీటర్లు. ఇలాంటివారికి 12 మిల్లీమీటర్ల నోరున్నది వాడాలి. ఛాతీ గోడకు ఆనుకున్న మచ్చలు ఇంకా కష్టం: గ్రిడ్ అంత వెనక్కి చేరదు. కాయిల్ మీది మెత్త తీసేసి, శరీరాన్ని కొద్దిగా పక్కకు ఒరిగించి ప్రయత్నిస్తారు.

అపోహ: లోపల క్లిప్ పెడితే ఇక జీవితంలో ఎంఆర్ఐ తీయకూడదు.

క్లిప్ మామూలుగా టైటానియందే, కొద్ది మిల్లీమీటర్లే. ఎంఆర్ఐకి అడ్డు కాదు. వాక్యూమ్‌తో చిన్న మచ్చ మొత్తం పోవచ్చు. రేపు అది క్యాన్సర్ అని తేలితే సర్జన్‌కు ఆ చోటు చూపించేది క్లిప్ ఒక్కటే. బిగింపు వదలగానే రొమ్ము విప్పారి క్లిప్ జరిగిపోతుంటుంది. అందుకే ఆ రోజే మామోగ్రామ్ తీసి, ఎంత జరిగిందో రిపోర్టులో రాయాలి. ఆ వాక్యం లేని రిపోర్టు అసంపూర్ణమే.

అపోహ: క్యాన్సర్ కాదని రిపోర్టు వచ్చింది, ఇక మర్చిపోవచ్చు.

మా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. మామోగ్రామ్ ఆధారంగా సున్నపు చుక్కలు తీసినప్పుడు ముక్కలకు ఎక్స్‌రే తీసి, చుక్కలు వచ్చాయో లేదో అక్కడికక్కడే చూడవచ్చు. ఎంఆర్ఐ బయాప్సీలో ఆ వీలు లేదు. శరీరంలోంచి బయటికొచ్చిన ముక్క వెలగదు, కాబట్టి సరైనదే తీశామని ముక్కను చూసి చెప్పలేం. మిగిలే దారి ఒకటే: పాథాలజీ రిపోర్టు, ఎంఆర్ఐ బొమ్మకు పొంతన ఉందా అని రేడియాలజిస్టు చూడటం. అంచులు ముళ్లలా ఉన్న మచ్చకు 'మామూలు కొవ్వు కణజాలం' అని వస్తే నమ్మకూడదు, మళ్లీ తీయాలి లేదా సర్జరీతో తీయాలి. 'ఎటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేజియా' (పాల నాళాల్లో కణాలు అసహజంగా పెరగడం) అని వస్తే సాధారణంగా సర్జన్‌కే పంపుతారు, పక్కనే క్యాన్సర్ దాగి ఉండే అవకాశం ఉంది కాబట్టి. పొంతన కుదిరినా, సాధారణంగా ఆరు నెలల తర్వాత ఎంఆర్ఐతో మరోసారి చూస్తారు.

అపోహ: ఎంఆర్ఐ ఉన్న ప్రతిచోటా ఇది చేస్తారు.

పక్కల నుంచి చేయి పెట్టడానికి వీలున్న కాయిల్, గ్రిడ్, ఎంఆర్ఐ గదికి పనికొచ్చే వాక్యూమ్ యంత్రం, సూదులు ఉండాలి. మామూలు ఉక్కు సూదిని ఆ గదిలోకే తేకూడదు. కాబట్టి రొమ్ము ఎంఆర్ఐకి డబ్బు కట్టేముందే ఒక ప్రశ్న అడగండి: "ఏదైనా కనిపిస్తే బయాప్సీ మీరే చేస్తారా, ఎక్కడికి పంపుతారు?"

కిడ్నీ జబ్బు, గర్భం, పేస్‌మేకర్, గతంలో కాంట్రాస్ట్ పడకపోవడం ఉంటే ముందే చెప్పాలి. పిన్నీసులు, జరీ బట్టలు, మెట్టెలు, ముక్కుపుడక తీసేయాలి. మంగళసూత్రం తీయడానికి మనసొప్పనివారు ఆ పూటకు పసుపుకొమ్ము కట్టిన తాడు వేసుకుని రావచ్చు, మాకేమీ అభ్యంతరం లేదు. వేరే సెంటర్‌కు వెళ్తుంటే ఫిల్ములు చాలవు, బొమ్మలన్నీ ఉన్న సీడీ తీసుకెళ్లాలి. గడి, లోతు లెక్కలకు ముందు, ఎటువైపు నుంచి వెళ్లాలన్నది ఆ సీడీ చూసే నిర్ణయిస్తారు.