పాత షాఫ్ట్ కొలత నమ్మితే బేరింగు పోతుంది: లేత్ పని అపోహలు - వాస్తవాలు

అపోహ: "పాత పార్టు ఉంది కదా, అచ్చం దీన్లాగే కోసిస్తే చాలు."

అనంతపురంలో లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే మిషను) షాపు పెట్టుకున్న నాకు రోజూ వినబడే మాట ఇదే. జనం డబ్బులు ఎక్కువగా పోయేదీ ఇక్కడే. మీరు తెచ్చింది అరిగిపోయిన షాఫ్ట్ (తిరిగే ఇరుసు). అచ్చం అలాగే చేస్తే అరిగిపోయిన షాఫ్టే ఇంకోటి తయారవుతుంది.

మొన్న ఎండాకాలం నార్పల వైపు నుంచి ఒక చీనీ తోట రైతు వచ్చాడు. ఫారం పాండ్ నుంచి నీళ్లు తోడే మోనోబ్లాక్ (మోటారు, పంపు ఒకటిగా ఉండేది) షాఫ్ట్ తెచ్చాడు. వేరే చోట కొత్తది చేయించి బిగిస్తే వారం తిరక్కుండానే బేరింగు గోల పెట్టిందట. "తోట వాడుతాంది న్నా, పొద్దుగూకే లోపల కోసియ్యి" అని ఒకటే టెన్షన్. పాపం, ఆయన బాధ ఆయనది. మైక్రోమీటర్ పెట్టి చూస్తే బేరింగు కూర్చునే చోట 29.85 మిల్లీమీటర్లు. పాతదాన్ని చూసి అలాగే దించేశారు! బేరింగు నంబరేమో 6206. చివరి రెండంకెలను అయిదుతో గుణిస్తే లోపలి రంధ్రం తెలిసిపోతుంది, 30 మిల్లీమీటర్లు (04 నుంచి పైకి ఈ లెక్క). షాఫ్ట్ అక్కడ మిల్లీమీటరులో నూరో వంతు ఎక్కువే ఉండాలి. లూజైతే లోపలి రింగు షాఫ్ట్ మీదే తిరుగుతూ దాన్ని తినేస్తుంది.

"షాఫ్ట్ మీద పంచ్‌తో నాలుగు దెబ్బలు కొట్టి బిగించెయ్, తోట తడిస్తే చాలు" అన్నాడు. పంచ్ దెబ్బకు లేచిన గింజలు కొన్నాళ్లకే అణిగిపోతాయి, బేరింగు మళ్లీ లూజే. చేయనన్నాను. షాపు నాది, మిషను నాది, చేయనని చెప్పడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. కొత్త రాడ్ చక్‌లో (లేత్‌లో పట్టి తిప్పే భాగం) పట్టి మొదలుపెట్టాను. చిప్పు (కోతకు ఊడే లోహపు పొట్టు) వేడికి నీలం తిరిగితే వేగం తగ్గించడం, చివరి కోతకు ముందు కోస్తున్న రాడ్ చల్లారనివ్వడం, ఇవి తొందరపెడితే అయ్యే పనులు కావు. 30 మిల్లీమీటర్ల ఉక్కు ముప్ఫై డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరులో నూరో వంతు పెరుగుతుంది. వేడి మీద సైజు కుదిరిందనుకుంటే చల్లారాక తగ్గి ఉంటుంది. ఆయన రెండు టీలు తాగాడు, నన్ను తిట్టుకునే ఉంటాడు.

అపోహ: "వెల్డింగ్ పోసి కోస్తే కొత్తదే." కొన్నిటికి సరే. సన్న షాఫ్ట్ వేడికి వంగుతుంది, డయల్ (వంపు చూపే గేజి) పెట్టి చూడకుండా బిగించకండి.

అపోహ: "సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే మిషను) వచ్చాక లేత్ వాళ్ల పని అయిపోయింది." పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ లాంటి చోట ఒకే పార్టు వేలల్లో కావాలి, అక్కడ అదే కరెక్టు. మీ ఒక్క షాఫ్ట్‌కు ఎవరు ప్రోగ్రాం రాస్తారు? రాసినా, 29.85 అని ఇస్తే అది 29.85కే కోస్తుంది.

ఇకపై షాఫ్ట్ ఒక్కటే సంచిలో వేసుకుని రాకండి. పగిలిందైనా సరే బేరింగు, దాంతోపాటు ఇంపెల్లరు (పంపులో నీళ్లు తోసే రెక్కల చక్రం) తెండి. బేరింగు నంబరు చెరిగిపోతే దాని రంధ్రం కొలిచి చూస్తాను.