సారికామిష్‌లో అన్నిటికీ మంచునే తిట్టకండి: ఒక టూర్ మేనేజర్ విన్న అపోహలు, చెప్పే వాస్తవాలు

నేను టూర్ మేనేజర్ని. హైదరాబాద్ నుంచి గ్రూపుల్ని తీసుకెళ్లి టర్కీ తిప్పుకొస్తుంటాను. ఇస్తాంబుల్, కప్పడోకియా, పముక్కలే అందరూ చూపించేవే. చలికాలంలో మాత్రం నా గ్రూపుని తూర్పు కొసకి, కార్స్ ప్రావిన్స్‌లో ఉన్న సారికామిష్ అనే కొండ జిల్లాకి తీసుకెళ్తాను. వాళ్ల లెక్కలో అది జిల్లా, మన లెక్కలో పెద్ద తాలూకా అనుకోండి.

బయల్దేరే ముందే వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ఒక వీడియో పెడతారు. తీరా అక్కడ దిగాక స్థానిక గైడు ఇంకో కథ చెబుతాడు. ఆ రెండిటినీ సరిదిద్దడంలోనే నాకు సగం ట్రిప్పు అయిపోతుంది. ఒకసారి రాసి పెట్టుకుంటే ఆ వాట్సాప్‌లోనే పడేసి ఊరుకోవచ్చు కదా అని ఈ పని పెట్టుకున్నాను.

అపోహ: "ఊటీ అంత ఎత్తే కదండీ, ఊటీకి తీసుకెళ్లిన స్వెట్టరు చాలదూ?"

ఎత్తు లెక్క కరెక్టే. సారికామిష్ ఊరు సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉంది, ఊటీ ఇంకా కాస్త ఎక్కువే, 2,240. కానీ ఊటీ భూమధ్యరేఖకి 11 డిగ్రీల దూరంలో ఉంటే, ఇది 40 డిగ్రీల పైన ఉంది. ఉత్తరాన నల్లసముద్రం ఉన్నా, దాని వెచ్చదనం ఇటు రాకుండా మధ్యలో కొండల గోడ అడ్డం నిలబడింది. జనవరి రాత్రి మైనస్ 20 అంటే అక్కడ ఎవరూ తల తిప్పి కూడా చూడరు. సగం చార్జింగ్ ఉన్న ఫోను ఫొటో తీస్తుండగానే చేతిలో ఆరిపోతుంది. ఊపిరి పీలిస్తే ముక్కులో తేమ గడ్డకట్టి వెంట్రుకలు సూదుల్లా గుచ్చుకుంటాయి. జీన్స్ ప్యాంట్లు వద్దని నేను మూడుసార్లు చెబుతాను. అయినా గ్రూపుకి ఇద్దరు వేసుకొస్తారు.

అపోహ: ఊరి పేరు అక్కడి పైన్ చెట్ల నుంచి వచ్చింది.

"సారి" అంటే టర్కిష్‌లో పసుపుపచ్చ. అక్కడి పైన్‌ని వాళ్లు "సారి చామ్" అంటారు, అంటే పసుపు పైన్. దాంతో రెండూ కలిపేస్తారు. కానీ "కామిష్" అంటే రెల్లు. పసుపు రెల్లు, అంతే.

అపోహ: "90 వేలమంది సైనికులు ఒక్క గుండు కూడా పేల్చకుండా ఒక్క రాత్రిలో గడ్డకట్టి చనిపోయారు."

దీని దగ్గర కాసేపు ఆగాలి. సారికామిష్ అంటే టర్కీలో చాలామందికి ముందు గుర్తొచ్చేది మంచు ఆటలు కాదు, 1914 డిసెంబరులో ఇక్కడ రష్యన్ల మీద టర్కీ సైన్యం చేసిన దాడి. ఏటా ఆ రోజుల్లో వేలమంది జెండాలు పట్టుకుని మంచులో నడుస్తారు. చనిపోయిన సైనికుల బొమ్మలు మంచుతోనే చెక్కి నిలబెడతారు. ఆ బొమ్మల ముందు నిలబడి లెక్కలు సరిదిద్దడం మర్యాద కాదు కాబట్టి నేను ఆ పని బస్సులో చేస్తాను.

కథ మొదలయ్యేది మంచుతో కాదు, రైలు పట్టాలతో. 1878లో కార్స్, చుట్టుపక్కల ఈ కొండలతో సహా, ఒట్టొమన్ల (అప్పటి టర్కీ సామ్రాజ్యం) చేతిలోంచి రష్యాకి పోయింది. నలభై ఏళ్లు వాళ్ల కిందే ఉంది. తిఫ్లిస్ (ఇప్పటి జార్జియా రాజధాని ట్బిలిసి) నుంచి కార్స్ దాకా 1899లో రైలు వచ్చింది, 1913కల్లా పట్టాలు సారికామిష్ చేరాయి. అంటే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఈ చిన్న ఊరు రష్యన్ రైలు మార్గంలో ఆఖరి స్టేషను. తిండి, బూట్లు, ఫిరంగి గుళ్లు అన్నీ అక్కడే దిగేవి.

అటు ఒట్టొమన్ సైన్యానికి స్థావరం ఎర్జురుమ్. అక్కడికి రైలే లేదు. దగ్గరి స్టేషను ఎక్కడో వందల కిలోమీటర్ల పడమర. ఆ దూరమంతా ఎడ్లబండ్లు, జంతువుల వీపులే దిక్కు. అందుకే సామాను సముద్రం మీద పంపాలని చూశారు. నవంబరు మొదట్లో మూడు రవాణా ఓడల్ని రష్యన్ నౌకాదళం నల్లసముద్రంలో ముంచేసింది. చలిబట్టలు ఎందుకు లేవు అని అడిగేవాళ్లకి సగం జవాబు ఇక్కడుంది.

ఎన్వర్ పాషాకి అప్పుడు 33 ఏళ్లు. యుద్ధ మంత్రి అయ్యుండి తానే వచ్చి సైన్యం పగ్గాలు పట్టుకున్నాడు. నడి చలికాలంలో దాడి వద్దన్న మూడో సైన్యం కమాండర్ హసన్ ఇజ్జెత్ పాషా పదవిలోంచి తప్పుకోవాల్సి వచ్చింది. పథకం కాగితం మీద అందంగానే ఉంది. ఒక కోర్, అంటే సైన్యంలో ఒక పెద్ద విభాగం, ఎదురుగా రష్యన్లని కదలకుండా పట్టుకుంటుంది, ఇంకో రెండు కోర్‌లు కొండల వెనకనుంచి చుట్టివచ్చి రైల్వే స్టేషన్ని లాక్కుంటాయి. డిసెంబరు 22న కదిలారు. పదో కోర్ ఓల్తు అనే ఊరి వైపు శత్రువుని తరుముతూ అనుకున్నదానికంటే దూరం పోయింది. ఆలస్యాన్ని పూడ్చుకోవడానికి 3,000 మీటర్లు దాటిన అల్లాహుఎక్బర్ కొండల్ని తుఫానులో అడ్డంగా దాటింది. 25, 26 తేదీల్లో అక్కడ వేలమంది పోయారు. ఇది నిజం, దీన్ని ఎవరూ కాదనరు.

మరి గుండు పేలలేదా? పేలింది, చాలానే. మిగిలినవాళ్లు కొండ దిగి, తిండీ నిద్రా లేకుండా ఊరి మీద పడ్డారు. 29 రాత్రి కొందరు వీధుల్లోకి కూడా చొచ్చుకొచ్చారు. బాయ్‌నెట్లతో కొట్టుకున్నారు. రష్యన్ వైపు ఉన్నతాధికారుల్లో కొందరు వెనక్కి పోదామంటే, యుదెనిచ్ అనే జనరల్ నిలబడదామని పట్టుబట్టాడు. పోరు జనవరి నడిమి దాకా సాగింది. ఒట్టొమన్ తొమ్మిదో కోర్ తన కమాండర్‌తో సహా పట్టుబడింది. చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, చలికి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు అన్నీ కలిపి రష్యన్ నష్టమే 30 వేల దాకా ఉంది. గుండు పేలకుండా అంత నష్టం ఎలా వస్తుంది?

ఇక ఆ 90 వేలు. యుద్ధానికి దిగిన సైన్యమంతా కలిపితే లక్షకి అటూ ఇటూ. అందులో 90 వేలు ఒక్క రాత్రి పోతే తెల్లారి ఊరి మీద దాడి చేసింది ఎవరు? చరిత్రకారులు ఉదహరించే టర్కిష్ సైనిక లెక్క ఇలా ఉంటుంది: యుద్ధభూమిలో 33 వేలమంది మృతి, ఆసుపత్రుల్లో 10 వేలమంది, ఖైదీలు 7 వేలు, తీవ్రంగా గాయపడ్డవాళ్లు 10 వేలు. మొత్తం 60 వేలు. 90 వేలు అన్నది బాగా ఎక్కువగా చెప్పిన ఒక అంచనా. జనం నోట్లో పడి అది గడ్డకట్టినవాళ్ల సంఖ్య అయిపోయింది.

ఆసుపత్రులన్నాను కదా, అది ఎవరూ చెప్పని భాగం. ఎర్జురుమ్ చుట్టూ టైఫస్ అనే, పేల వల్ల వ్యాపించే జ్వరం చెలరేగింది. పదో కోర్‌ని ఆ కొండలు దాటించిన హాఫిజ్ హక్కి పాషా, తర్వాత మూడో సైన్యానికే కమాండర్ అయ్యి, 1915 ఫిబ్రవరిలో ఆ జ్వరంతోనే పోయాడు. మంచుకి కాదు, గుండుకి కాదు, పేనుకి.

నన్నడిగితే అంతా మంచు మీదకి తోసేస్తే ఒక సౌకర్యం ఉంది. మంచుని ఎవరూ విచారించలేరు. రైలు లేకుండా, ఓడలు మునిగాక, డిసెంబరులో బయల్దేరమన్నది మాత్రం మనిషే.

దీనికి తోక ఒకటుంది. ఓటమికి ఆ ప్రాంతపు క్రైస్తవులైన ఆర్మేనియన్ల ద్రోహమే కారణం అని అక్కడక్కడా వింటారు. రష్యన్ సైన్యంలో ఆర్మేనియన్ వాలంటీర్ దళాలు ఉన్న మాట నిజమే. కానీ ఒట్టొమన్ సైన్యంలో ఆర్మేనియన్ సైనికులు కూడా అదే మంచులో పోరాడారు. యుద్ధం నుంచి తిరిగొస్తూ ఎన్వరే కొన్యా ఆర్మేనియన్ బిషప్‌కి వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. ఆ తర్వాత కొన్ని వారాలకే ఆ సైనికుల తుపాకులు లాక్కుని కూలి దళాల్లోకి తోశారు. ఆ ఏడాది, 1915లో, ఆర్మేనియన్ల మీద జరిగిన సామూహిక హత్యాకాండ మీకు తెలుసు. ఇది నేను స్థానిక గైడు ముందు ఎత్తను, వాళ్ల ఉద్యోగం వాళ్లది. అడిగినవాళ్లకి హోటల్ గదిలో చెబుతాను.

అపోహ: అడవిలో ఉన్న కొయ్య భవనం రష్యా చక్రవర్తి జార్ నికొలస్ తన భార్య కేథరిన్ కోసం కట్టించాడు.

అందరూ "కాతెరినా కోష్కు" (కేథరిన్ భవనం) అనే పిలుస్తారు, బోర్డులూ అవే. కానీ రెండో నికొలస్ భార్య పేరు అలెగ్జాండ్రా. పోనీ కేథరిన్ మహారాణా అంటే, ఆవిడ 1796లోనే పోయింది. రష్యా ఇక్కడికి వచ్చింది 82 ఏళ్ల తర్వాత. నికొలస్ మాత్రం ఈ ఊరు నిజంగానే వచ్చాడు, 1914 డిసెంబరులో, దాడికి కొద్ది రోజుల ముందు, సైనికుల్ని పలకరించడానికి. ఇది చెబితే ఒక గైడు నాతో "కాతెరినా అంటేనే టిక్కెట్టుకి అందం" అన్నాడు. ఒప్పుకున్నాను.

అపోహ: ఇక్కడి "క్రిస్టల్ మంచు" ఆల్ప్స్‌లో, ఇక్కడ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా పడదు.

బ్రోషర్ మాట. గాలిలో తేమ తక్కువగా, చలి గట్టిగా ఉన్న చోట పడే పొడి మంచు ఇది. అలాంటి చోట్లు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. పిడికిట్లో పట్టి ఉండ చేద్దామంటే పంచదారలా జారిపోతుంది. మా గ్రూపుల్లో పిల్లలకి మొదటి నిరాశ అదే. నిజంగా మెచ్చుకోవాల్సింది వేరే ఉంది. జిబిల్‌తెపె అనే స్కీ కొండ మీద లిఫ్టు ఎక్కితే రెండు పక్కలా పైన్ అడవే. ఆ చెట్లు గాలిని ఆపుతాయి, మంచుని పట్టి ఉంచుతాయి. కార్స్ పీఠభూమిలో చాలాభాగం చెట్టన్నది లేని గడ్డినేల. కాబట్టి ఈ ఊరి గొప్ప మంచు కాదు, అడవి.

ఆ అడవిలో ఎలుగుబంట్లు, తోడేళ్లు, లింక్స్ అనే పెద్ద అడవి పిల్లులు ఉన్నాయి. "చలికాలం మొత్తం నిద్రే కదా, ఎలుగుబంట్లకి ఇంకేం పని" అంటారు మనవాళ్లు. పరిశోధకులు వాటికి జీపీఎస్ కాలర్లు కట్టి చూస్తే తమాషా విషయం బయటపడింది. కొన్ని ఎలుగుబంట్లు ఊరి చెత్తకుప్ప దగ్గరే తిని ఏడాదంతా ఆ చుట్టుపక్కలే ఉంటున్నాయి. మిగతావి నిద్రకి ముందు ఒళ్లు పెంచుకోవడానికి తిండి వెతుక్కుంటూ దూరపు అడవులకి వలసపోయి తిరిగొస్తున్నాయి. 2004 నుంచి ఈ కొండల్లో జాతీయ పార్కు ఉంది. అడవుల్ని కలుపుతూ టర్కీలో తొలి వన్యప్రాణి కారిడార్‌కి పథకం వేసింది కూడా ఈ ప్రాంతంలోనే.

అపోహ: నల్లరాయి నగలన్నీ ఒకటే.

షాపింగ్ కోసం చదివేవాళ్లు ఇక్కడ ఆగండి. సారికామిష్ రాయి అబ్సిడియన్, అంటే అగ్నిపర్వతం గాజు. రాతియుగం మనుషులు దీంతోనే కత్తులు చేసుకున్నారు. ఎర్జురుమ్ ప్రావిన్స్‌లోని ఓల్తు పేరుతో అమ్మేది వేరు. అది చెక్క బొగ్గుగా మారి గట్టిపడ్డ రకం, తస్బీలు (జపమాలలు) ఎక్కువగా దానితోనే చేస్తారు. చెంపకి ఆనించి చూడండి. అబ్సిడియన్ చల్లగా, బరువుగా తగులుతుంది. ఓల్తు రాయి తేలిక, వెచ్చన. బట్టకి రుద్దితే చిన్న కాగితం ముక్కని లాగుతుంది. ఈ పరీక్ష చేశాక దుకాణదారు ధర తగ్గించడం నేను కళ్లారా చూశాను.

అపోహ: ఈ జిల్లా మొత్తం స్కీయింగ్ మీదే బతుకుతుంది.

సీజన్‌లో హోటళ్లు నిండుతాయి, నిజమే. సైన్యం దండు కూడా ఊరికి ఒక ఆదాయం. రష్యన్లు కట్టిన నల్లరాతి బ్యారక్‌లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒకప్పుడు ప్రభుత్వ బూట్ల ఫ్యాక్టరీ ఉండేది, అదీ పోయింది. కుర్రాళ్లు ఇస్తాంబుల్, అంకారా పట్టుకుపోయారు. కానీ ఊరు దాటి పల్లెల్లోకి వెళ్తే అసలు ఆర్థిక వ్యవస్థ గొడ్డే. ఏడాదిలో సగం నేల మంచు కింద ఉంటే, మిగతా సగంలో కోసి దాచిన ఎండుగడ్డే పశువుకి ప్రాణం. గడ్డి బాగా పండిన ఏడు జున్ను బాగుంటుంది. లేని ఏడు చలికాలం రాకముందే పశువుల్ని అమ్ముకుంటారు.

ఒకసారి అలాంటి పల్లెలో టీకి ఆగాం. ఇంటి పక్కన గోపురంలా పేర్చిన దిబ్బ, పైన మంచు. మా గ్రూపులో కోనసీమ పెద్దావిడ ఒకరు దగ్గరికెళ్లి మంచు దులిపి చూసి, "ఓరి నాయనా, పిడకలు!" అన్నారు. "తెజెక్" అంది ఆ ఇంటావిడ. పొయ్యిలో రెండు వేసి చూపించింది. మా పెద్దావిడ ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, వేలితో మందం కొలిచి, "బావున్నాయి గానీ, ఇంత మందంగా చేస్తే ఎండటానికి ఎన్నాళ్లు పడుతుందో అడుగమ్మా" అని నాకేసి చూశారు. ఇద్దరి మధ్య ఆ సంభాషణని అనువదిస్తూ అరగంట కూర్చున్నాను. స్కీ లిఫ్టు టైము దాటిపోయింది.